మతం గడిలో ఏం రాయాలి?

(బిర్సా ముండా 150వ జయంతి సందర్భంగా యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "చరిత్ర, మతం, భావజాలం - నేటి దేశ రాజకీయాలు". అంశం చాలా పెద్దది. ఢిల్లీ నుంచి మొదలుపెడితే మన ఊరికి వచ్చేసరికి పొద్దుపోతుంది. అందుకని నేను ఒక చిన్న గడితో మొదలుపెడతా. దరఖాస్తు ఫారంలో "మతం" అని ఉంటుంది చూడండి, ఆ గడి.

నన్ను ఆశ్రమ పాఠశాలలో చేర్చిన రోజు మా నాన్న వెంట వచ్చాడు. సారు పేరు అడిగాడు, ఊరు అడిగాడు, కులం అడిగాడు. కోయ అని నాన్న చెప్పాడు. మతం మాత్రం అడగలేదు, ఆయనే రాసుకున్నాడు. పదో తరగతి అయిపోయి టీసీ చేతికొచ్చాక చూసుకుంటే "హిందూ - కోయ" అని ఉంది. చాప మీద ఐదేళ్ళు నా పక్కన పడుకున్న నా దోస్తు టీసీలో "క్రిస్టియన్ - కోయ" అని ఉంది. వాడిదీ నాదీ ఒకే గట్టు, ఒకే వేల్పు. వాళ్ళ తాత, మా తాత ఒకే పడిగె ముందు కోడిని కోసినవాళ్ళు. ఇంటికెళ్ళి నాన్నని అడిగితే, "ఏదో ఒకటి రాయాలె గద బిడ్డా, ఖాళీగ ఉంచరు గద" అన్నాడు.

ఖాళీగా ఉంచరు. నేను ఈ రోజు చెప్పబోయేదంతా దాదాపు ఆ మాటలోనే ఉంది. మనం చెప్పకపోతే ఇంకొకరు రాస్తారు. ఎవరు ఏం రాస్తారన్నది వాళ్ళు చరిత్రని ఎట్లా చూస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ రాత మీద చట్టాలు, సీట్లు, చివరికి మన భూములు ఆధారపడి ఉంటాయి.

ఈ గడికి చాలా పాత కథ ఉంది. జనాభా లెక్కలు మొదలుపెట్టిన బ్రిటిష్ వాళ్ళకి మనం ఒక తలనొప్పి. మనకి గుడి లేదు, గ్రంథం లేదు, గురువు లేడు. 1901 లెక్కల్లో "ఆనిమిస్ట్" అన్నారు, అంటే చెట్టులో పుట్టలో ప్రాణం ఉందని నమ్మేవాళ్ళు. 1931లో హట్టన్ అనే కమిషనర్ హయాంలో "ట్రైబల్ మతాలు" అన్నారు. వాళ్ళు మన మీద ప్రేమతో విడిగా లెక్కపెట్టారని నేననను. హిందువు ఎక్కడ ఆగుతాడు, ఆదివాసీ ఎక్కడ మొదలవుతాడు, ఆ గీత ఎక్కడ గీయాలో తెలియక వాళ్ళ అధికారులే తికమకపడ్డారు. అయితే గడి అంటూ ఒకటి ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ గడి పోయింది. 2011 ఫారంలో ఆరు మతాలకి అంకెలు ఉన్నాయి: హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన. మనకి అంకె లేదు. కావాలంటే పేరు రాయించుకోవచ్చు, అప్పుడు "ఇతర మతాలు" అనే మూటలో వేస్తారు. ఆ మూటలో 2011లో తేలినవాళ్ళు సుమారు 79 లక్షలు. వాళ్ళలో దాదాపు 50 లక్షల మంది "సర్నా" అని రాయించుకున్నవాళ్ళే, ఎక్కువగా జార్ఖండ్ వైపు వాళ్ళు. గోండి అని రాయించుకున్నవాళ్ళు పది లక్షల పైన. ఒక్కసారి ఆలోచించండి. దేశంలో ఆదివాసీలు అప్పటికి 10 కోట్ల 43 లక్షలు. అంకె లేకపోయినా, ఎన్యుమరేటర్ అడగకపోయినా, అన్ని లక్షల మంది పట్టుబట్టి తమ పేరు తాము రాయించుకున్నారు. మనం మాత్రం "ఏదో ఒకటి రాయాలె గద" దగ్గరే ఆగిపోయాం.

ఈ గొడవకి పుస్తకాల రూపం 1943లో వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలోనే ఇద్దరు పెద్దమనుషులు రెండు పుస్తకాలు రాశారు. ఒకాయన వెరియర్ ఎల్విన్. పాద్రీగా వచ్చి, చర్చిని వదిలేసి, గోండుల మధ్య బైగాల మధ్య బతికినాయన. వీళ్ళ బతుకు వీళ్ళది, బయటివాళ్ళ దోపిడీ నుంచి కాపాడండి అన్నాడు. రెండో ఆయన బొంబాయి విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఘుర్యే. మనం వేరే ఎవరమో కాదు, "వెనకబడిన హిందువులం" అని ఆయన వాదం. పుస్తకం పేరులోనే ఆదిమవాసులు "అనబడేవాళ్ళు" అని పెట్టాడు. నా మాట వినండి, ఈ రోజు టీవీలో అరుచుకునేదంతా ఆ రెండు పుస్తకాల కొనసాగింపే. పేర్లు మారాయి, జెండాలు వచ్చాయి, అంతే.

ఆ ఇద్దరిలో ఎవరూ ఆదివాసీ కాదు. మన మాట మనమే చెప్పిన మనిషి జైపాల్ సింగ్ ముండా. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ బంగారు పతకం తెచ్చిన జట్టుకి కెప్టెన్. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో లేచి నిలబడి, నేను జంగ్లీనని గర్వంగా చెప్పుకుని, ప్రజాస్వామ్యం మీరు మాకు నేర్పేది కాదు, మా దగ్గర నేర్చుకోవలసింది అన్నాడు. "ఆదివాసీ" అనే మాట రాజ్యాంగంలో ఉండాలని పట్టుబట్టాడు. ఒప్పుకోలేదు. "షెడ్యూల్డ్ తెగలు" అన్నారు. అంటే జాబితాలో ఉన్న తెగలు. జాబితా ఎవరు రాస్తే వాళ్ళే కొట్టేయగలరు, గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

మాటల సంగతి కాస్త చూద్దాం. మన ఆఫీసుల్లో "గిరిజన" అంటారు. గోదారి ఒడ్డున పుట్టి గోదారి నీళ్ళు తాగి పెరిగిన కోయోడు గిరిజనుడు ఎట్లా అవుతాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సరే, అలవాటైన మాట, దానితో పెద్ద పేచీ లేదు. "వనవాసి" అనే మాట వేరు. 1952లో జష్‌పూర్‌లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో, వనవాసి కల్యాణ్ ఆశ్రమం మొదలైంది. ఆరెస్సెస్ భావజాలంతో, ఆ ప్రాంతంలో మిషనరీల పనికి పోటీగా పెట్టిన సంస్థ అది. వాళ్ళు బడులు పెట్టారు, హాస్టళ్ళు పెట్టారు, ఎవరూ పోని ఊళ్ళకి పోయారు. అది కాదనను. కానీ ఆదివాసీ అనే మాట వాడలేదు. ఎందుకు? ఆది అంటే మొదట. మేం మొదటివాళ్ళం అంటే మిగతావాళ్ళు తర్వాత వచ్చినట్టు. ఈ నేల మీద పుట్టిందంతా ఒకే ధర్మం, బయటి నుంచి వచ్చినవాళ్ళు ముస్లింలు, క్రైస్తవులు మాత్రమే అన్న చరిత్రలో ఆ "మొదట" అనే మాటకి చోటు లేదు. అందుకని అడవిలో ఉండేవాళ్ళు అన్నారు. అడవి కొట్టేశాక మనల్ని ఏమంటారో మరి! తెలుగులో వనవాసం అంటే ఏమిటో మీకు తెలుసు. రాజ్యం పోగొట్టుకున్నవాడు పద్నాలుగేళ్ళు అనుభవించే శిక్ష. మన ఇల్లు ఎవరికో శిక్ష. ఆ పేరు మనకి పెడతామంటే నవ్వాలో ఏడ్వాలో తెలియదు.

ఈ విషయంలో ఒక్క పార్టీనే తిట్టి కూర్చుంటే సరిపోదు. మన దేశం 2007లో ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల హక్కుల ప్రకటనకి ఓటు వేసింది. అప్పుడు అధికారంలో ఉన్నది కాంగ్రెస్. ఓటు వేస్తూనే, భారతదేశంలో అందరూ మూలవాసులే అన్న పాత మాట మళ్ళీ చెప్పింది. అంతకంటే చిత్రం, 2011 జనవరిలో మన సుప్రీంకోర్టే ఒక తీర్పులో, ఈ దేశంలో మొదటి నుంచి ఉన్నవాళ్ళ వారసులు బహుశా ఆదివాసీలే, మిగతా జనం ఎక్కువగా వలస వచ్చినవాళ్ళ సంతతి అని రాసింది. కోర్టు ఒకటంటుంది, సర్కారు ఒకటంటుంది, గడిలో ఇంకొకటి ఉంటుంది.

చట్టంలోనూ ఇదే వింత. హిందూ వివాహ చట్టం, 1955, రెండో సెక్షన్ చదవండి. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదని ఉంది. వారసత్వ చట్టంలోనూ అంతే. పెళ్ళికి, ఆస్తికి మనం హిందువులం కాము, లెక్కకి మాత్రం హిందువులం. మొన్నటికి మొన్న 2024లో ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతి తెచ్చింది. అందరికీ ఒకే చట్టం అని చెప్పిన ఆ చట్టం నుంచి కూడా షెడ్యూల్డ్ తెగలని బయట ఉంచారు. అంటే మనం వేరని వాళ్ళకీ తెలుసు. వేరని ఒప్పుకుంటే ఏం పోతుందన్నదే ప్రశ్న.

ఇప్పుడు బిర్సా దగ్గరికి వస్తా. ఈ రోజు ఆయన పుట్టినరోజు కదా.

1875 నవంబర్ 15న పుట్టాడు, 1900 జూన్ 9న రాంచీ జైలులో చనిపోయాడు. పాతికేళ్ళు కూడా నిండలేదు. ఇక్కడ ఉన్న మీలో సగం మంది కంటే పెద్దవాడు కాదు. మిషన్ బడిలో చదివాడు, మిషన్‌ని వదిలేశాడు. ఒక వైష్ణవుడి దగ్గర కొన్నాళ్ళు ఉన్నాడు, అక్కడా ఆగలేదు. తనదే ఒక దారి పెట్టాడు. ఆయన ఉల్గులాన్‌లో శత్రువు ఎవరు? దొర ఉన్నాడు, పాద్రీ ఉన్నాడు, దికు ఉన్నాడు. దికు అంటే బయటి నుంచి వచ్చి భూమి మింగిన జమీందారు, వడ్డీ వ్యాపారి. ముగ్గురూ శత్రువులే. ఇప్పుడు ఒక పార్టీ సభలో బిర్సా మిషనరీల మీద పోరాడిన ధర్మరక్షకుడు. ఇంకో పార్టీ సభలో ఆంగ్లేయుల మీద పోరాడిన స్వాతంత్ర్య యోధుడు. దికు మాత్రం ఏ సభలోనూ వినపడడు. ఎందుకంటే దొర వెళ్ళిపోయాడు, పాద్రీని తిడితే ఓట్లు వస్తాయి, దికు మాత్రం వేదిక మీదే కూర్చుని ఉంటాడు.

ఉల్గులాన్ వల్లే కదా 1908లో ఛోటానాగ్‌పూర్ టెనెన్సీ చట్టం వచ్చింది, ఆదివాసీ భూమి ఆదివాసీ చేతిలోనే ఉండాలని. 2016లో జార్ఖండ్ ప్రభుత్వం ఆ చట్టాన్నే సడలించబోయింది. బిర్సా బొమ్మకి దండ వేసే చేతులే అవి. జనం రోడ్ల మీదికి వచ్చారు. అప్పటి గవర్నర్ బిల్లు వెనక్కి పంపారు. ఆ గవర్నర్ ద్రౌపది ముర్ము, ఇప్పటి మన రాష్ట్రపతి. ఆ గొడవల కాలంలోనే, బిర్సా పుట్టిన ఖూంటీ ప్రాంతంలో, ఊరి పొలిమేరలో రాళ్ళు పాతి, ఐదో షెడ్యూల్ మాటలు చెక్కినందుకు వేల మంది మీద కేసులు పెట్టారు. పత్థల్‌గడీ అంటారు దాన్ని. 2021 నుంచి నవంబర్ 15 దేశమంతటా జనజాతీయ గౌరవ దినం. గౌరవం ఇచ్చారు, సంతోషం. రాయి మీద రాజ్యాంగం రాస్తే మాత్రం దేశద్రోహం.

మన కొమురం భీం సంగతీ అంతే. 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు. ఎవరి మీద పోరాడాడు? నిజాం మీద అంటారు. నిజమే. కానీ ఒక రకం రాజకీయానికి అక్కడ "నిజాం ముస్లిం" అన్నది ఒక్కటే కనపడుతుంది. సెప్టెంబర్ 17 వస్తే ఆయన ఫొటో ఎక్కడ పెడుతున్నారో, పక్కన ఎవరి ఫొటో పెడుతున్నారో చూడండి. భీం కొట్లాడింది పోడు కొట్టుకోనివ్వని జంగ్లాతోళ్ళతో, పట్టా ఇవ్వని సర్కారుతో, భూమి మీదికి వచ్చిన షావుకార్లతో. గొడవ నిజాం మతంతోనే అయితే నిజాం పోగానే భూములు దక్కాలి కదా! నిజాం పోయాకే ఆదిలాబాద్‌లో గోండుల భూములు మరీ వేగంగా చేతులు మారాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క 13 మంది. జనం లెక్క దానికి చాలా ఎక్కువ. ఆ కాల్పులు జరిపించింది ఏ నవాబు?

మీరంతా ఆర్ఆర్ఆర్ సినిమా చూసే ఉంటారు. నేనూ చూశా, విజిల్ కూడా వేశా, అబద్ధం ఎందుకు. చివర్లో ఏమవుతుంది? ఏం కావాలని రామరాజు అడిగితే భీం చదువు కావాలంటాడు. అప్పుడు రామరాజు జెండా మీద "జల్ జంగల్ జమీన్" అని రాసిస్తాడు. భీం పేరు చెబితే గుర్తొచ్చే నినాదం అది. దాన్ని కూడా ఇంకొకరు రాసి భీంకి ఇవ్వాలా? కల్పిత కథ అని ముందే చెప్పారు, కాదనను. కానీ కల్పనలో కూడా ఎవరి చేతికి కలం వచ్చిందో చూడండి. మన్యంలో అసలు పోరాటం కూడా అంతే. 1922లో రామరాజు రాకముందే, 1879లోనే రంప తిరగబడింది. రామరాజు వెంట నడిచిన గాం గంటం దొర, మల్లు దొర పేర్లు మనలో ఎంత మందికి తెలుసు? ఆ మల్లు దొర మొదటి లోక్‌సభకి విశాఖ నుంచి ఎన్నికయ్యాడు. పాఠ్యపుస్తకంలో ఆయన ఒక వాక్యం కూడా కాదు.

ఇంత చెప్పాక కొంత మన వైపు కూడా చూసుకోవాలి. మన సంప్రదాయం అద్దంలా స్వచ్ఛంగా ఉండేది, బయటివాళ్ళు వచ్చి చెడగొట్టారు అనే మాట నేను నమ్మను. ఆదిలాబాద్ గోండు పెద్దలు ఎదురుపడితే "రామ్ రామ్" అనుకుంటారు. అది ఏ పార్టీ నేర్పిందీ కాదు, తరతరాల పలకరింపు. వాళ్ళ పెర్సా పేన్‌కి దానితో ఏ తగువూ లేదు. మన పిల్లలు ఇప్పుడు "జై సేవా" అంటున్నారు, మంచిదే, కానీ ఆ తాతని నువ్వు గోండువి కాదంటే మాత్రం మనమూ ఆ సారులాగే గడి నింపుతున్నట్టు. మేడారం చూడండి. సమ్మక్క గుట్ట దిగి వచ్చేది కుంకుమ భరిణె రూపంలో. విగ్రహం లేదు, పూజారులు మన కోయ వడ్డెలు. కోటి మంది వస్తున్నారు, అన్ని కులాలవాళ్ళూ వస్తున్నారు. రానివ్వండి. కాకతీయుల పన్నుకి ఎదురు తిరిగిన తల్లి దగ్గరికి అందరూ రావాలి. వచ్చినవాళ్ళు తల్లి పేరు మార్చకుండా, వడ్డెని పక్కకి జరపకుండా ఉన్నంతవరకే ఆ రాకపోక మంచిది. భద్రాచలం గుడి కథలో రాముణ్ణి మొదట చూసింది పోకల దమ్మక్క అనే అడవి ఆడబిడ్డ. తర్వాత కథంతా గుడి కట్టించిన తహసీల్దారుది.

చర్చి వైపు నుంచీ మనకి నష్టం జరిగింది. వేల్పుని సైతాను అన్నారు, డోలు కొట్టొద్దన్నారు, కొత్తల పండుగకి రావద్దన్నారు. నా దోస్తు ఇంట్లో పడిగె గుడ్డ పొయ్యిలో కాలింది. చదువు, వైద్యం ఇచ్చిందీ వాళ్ళే, అదీ మర్చిపోవద్దు. ఎర్రజెండా అన్నలు మన భూమి గురించి మిగతావాళ్ళ కంటే నిజాయితీగా మాట్లాడారు. కానీ చాలా కాలం మనల్ని "గిరిజన రైతు"గానే చూశారు. వేల్పు అంటే మూఢనమ్మకం అనుకున్నారు. మన దేవుడి గురించి మాట్లాడకుండా వాళ్ళు వదిలేసిన చోటే ఇంకొకరు వచ్చి కూర్చున్నారు.

ఇక అసలు ప్రమాదం. డీలిస్టింగ్. మతం మారిన ఆదివాసీల్ని ఎస్టీ జాబితా నుంచి తీసేయాలనే డిమాండ్. ఇది కొత్తది కాదు. 1967లోనే లోహర్‌దగా ఎంపీ కార్తీక్ ఉరావ్ లేవనెత్తాడు. ఆయన ఆదివాసీ, కాంగ్రెస్ మనిషి. మతం మారినవాళ్ళు చదువుల్లో ముందుకెళ్ళి ఉద్యోగాలన్నీ పట్టుకుపోతున్నారని ఆయన బాధ. ఆ బాధ ఊరికే పుట్టింది కాదు. కానీ చట్టం ఏం చెబుతోంది? ఎస్సీ హోదాకి 1950 ఉత్తర్వులో మతం షరతు ఉంది. ఎస్టీకి లేదు. ఎందుకు లేదంటే ఎస్టీ అనేది మతం వల్ల వచ్చింది కాదు, పుట్టుక వల్ల, తెగ వల్ల, నేల వల్ల వచ్చింది. ఇప్పుడు మతం షరతు పెడితే ఏమవుతుంది? లోక్‌సభలో మనకి 47 సీట్లు ఉన్నాయి, అవి జనాభాని బట్టి వచ్చినవి. జనాభా తగ్గితే సీట్లు తగ్గుతాయి. 1/70 కింద ఏజెన్సీలో భూమి కొనగలిగేది ఎస్టీయే, జాబితా నుంచి పోయినవాడికి ఆ హక్కు ఉండదు. మా ఊళ్ళో నా భూమి, నా దోస్తు భూమి ఒకే గట్టుకి అటూ ఇటూ ఉన్నాయి. వాడు జాబితా నుంచి పోతే ఆ గట్టు దాకా షావుకారు రావాలని చూస్తాడు. తర్వాత గట్టు దాటడానికి ఎంతసేపు?

బస్తర్‌లో ఇది ఎట్లా ఉంటుందో చూశాం. 2022 డిసెంబర్‌లో నారాయణ్‌పూర్, కొండగావ్ వైపు ఊళ్ళ నుంచి వందల మంది క్రైస్తవ ఆదివాసీలని తరిమేశారు. తరిమినవాళ్ళూ ఆదివాసీలే. కొత్త ఏడాది మొదట్లోనే నారాయణ్‌పూర్‌లో చర్చి మీద దాడి జరిగింది. ఆ జిల్లాలోనే రావ్‌ఘాట్ ఇనుప గనులు ఉన్నాయి. శవాన్ని ఎక్కడ పాతాలో అన్నదమ్ములు కొట్టుకుంటుంటే గుట్ట మాత్రం లారీల్లో వెళ్ళిపోతోంది.

దీనికి ఎదురు ఉదాహరణ నియమగిరి. ఒడిశాలో డోంగ్రియా కోందుల గుట్ట, నియమరాజు ఉండే చోటు. బాక్సైట్ కోసం వేదాంత కంపెనీ కన్ను పడింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ గుట్ట మీద వాళ్ళ మత హక్కు ఏమిటో గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. అక్కడ దేవుడూ భూమీ ఒకటే మాట. నియమరాజుని ఇంకో దేవుడి అవతారంగా మార్చేసి, కింద ఊళ్ళో సిమెంటు గుడి కట్టించి ఉంటే, ఆ గుట్ట ఉత్త గుట్టే అయ్యేది. మతం గడి గురించి నేను ఎందుకింత పట్టుబడుతున్నానో ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది.

2026 ఏప్రిల్ నుంచి ఇళ్ళ లెక్క అని ప్రకటించారు. 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. 2020 నవంబర్‌లో జార్ఖండ్ అసెంబ్లీ ఏకగ్రీవంగా సర్నా ఆదివాసీ మతానికి విడిగా కోడ్ ఇవ్వాలని తీర్మానం చేసి పంపింది. ఢిల్లీ ఇప్పటిదాకా ఇవ్వలేదు. మనలో మనకీ తేలలేదు. సర్నా అనే మాట మన కోయల్లో లేదు. గోండులు కోయా పునెం అంటారు, ఇంకొకరు ఇంకోటి అంటారు. పేరు ఒకటి కావాలా, ఎవరి పేరు వాళ్ళదా అనేది ఈ మధ్యాహ్నం మీరే మాట్లాడండి. ఒకటి మాత్రం ఊళ్ళో చెప్పండి. మీరు ఏ మతం చెబితే ఎన్యుమరేటర్ అదే రాయాలి, ఆయన సొంతంగా రాయకూడదు. ఏ మతం రాయించినా ఎస్టీ హోదా పోదు. ఈ రెండు ముక్కలు మా నాన్నకి ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

పోయిన లెక్కలప్పుడు మా ఇంటికి వచ్చిన ఆయనకి మా అవ్వ గుమ్మంలో కూర్చుని ఇప్పపూలు ఎండబోస్తూ సమాధానాలు చెప్పింది. మీ మతం ఏందమ్మా అన్నాడు. ఆవిడ మా గట్టు పేరు చెప్పి, వేల్పు పేరు చెప్పి, వేల్పు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ వాగు దాటిందో, ఎవరు మోసుకొచ్చారో మొత్తం చెప్పడం మొదలుపెట్టింది. ఆయన కాసేపు విన్నాడు, గడియారం చూసుకున్నాడు, ఏదో ఒక అంకె వేసుకుని పోయాడు. ఆ అంకె ఏమిటో మేం చూడలేదు.

సరే, నేను ఎక్కువసేపు మాట్లాడాను. చాయ్ వచ్చినట్టుంది. తాగుతూ ప్రశ్నలు అడగండి. వెనక వరసలో ఆ చెల్లె ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతోంది, ముందు ఆమెకి మైక్ ఇవ్వండి.